వాన పడిన రాత్రి కారు అలారం దానంతట అదే మోగుతోంది, ఎక్కడని వెతకాలి?

సింగ్‌నగర్ స్విఫ్ట్ | జూలై 6, ఉదయం 5:40

అందరికీ నమస్కారం. రాత్రంతా నిద్ర లేదు, అందుకే ఈ వేళప్పుడు రాస్తున్నాను.

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. బండి 2013 స్విఫ్ట్ ఎల్‌ఎక్స్‌ఐ, పెట్రోలు. కంపెనీ నుంచి రిమోట్ రాలేదు. 2016లో బయట షాపులో సెంట్రల్ లాకింగు, అలారం, రెండు రిమోట్లు కలిపి పెట్టించాను. ఎనిమిదేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదలో కారు సీట్ల దాకా మునిగింది, నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. ఇన్సూరెన్సు కింద బాగు చేయించాం. సీట్లు, కార్పెట్ విప్పి ఆరబెట్టారు, వైరింగు కొంత మార్చారు. వేసవంతా బాగానే నడిచింది.

జూన్‌లో వానలు పడ్డ దగ్గర్నుంచి ఈ బాధ మొదలైంది. వాన కురిసిన రాత్రి ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య సైరన్ మోగుతుంది. అర నిమిషం మోగి ఆగుతుంది, పది నిమిషాలకు మళ్లీ. నిన్న రాత్రి ఐదుసార్లు మోగింది. కింద వాటాలో బాలింత ఉంది, ఇరవై రోజుల పసిబిడ్డ. సైరన్ ఆగాక ఆ బిడ్డ ఏడుపు మా గదిలోకి వినిపిస్తుంది. వాళ్లు ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదనిపిస్తోంది.

కారు కదిలితే పసిగట్టే షాక్ సెన్సర్ మర పూర్తిగా తగ్గించి చూశాను, తేడా లేదు. ఇంకో రెండు సంగతులు. రిమోట్ ఇదివరకు రెండో అంతస్తు బాల్కనీ నుంచి పనిచేసేది, ఇప్పుడు కారు పక్కకు వెళ్లి నొక్కాలి. రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తీసుకోవడం లేదు. ఈ మూడూ ఒకటే జబ్బా, వేరువేరా? మెకానిక్ సైరన్ వైరు కత్తిరించేద్దాం అన్నాడు. నాకు మనసొప్పలేదు. పోయిన నెలే మా వెనక వీధిలో ఒక కారు ఎత్తుకెళ్లారు.


ఓరుగల్లు డ్రైవర్ | జూలై 6, ఉదయం 6:55

అన్నా, వైరు మాత్రం కోయకు. కోసినంక అది అలారం కాదు, ఉత్త ఎర్ర లైటు. నాకు గిట్లనే పోయిన వినాయక నిమజ్జనం నాడు మోగుడు మొదలైంది. డీజే బండి మా సందుల నుంచి పోతుంటే వరసగ ఆరు కార్లు లొల్లి పెట్టినయ్. నాది సెన్సర్ తగ్గిస్తే బంద్ అయింది. నువ్వు తగ్గించినా మోగుతుందంటే కదలిక వల్ల కాదు, వేరే తాన ఉంది సంగతి. పిల్లులేమన్న బానెట్ మీద పండుకుంటున్నయా?


సింగ్‌నగర్ స్విఫ్ట్ | జూలై 6, ఉదయం 7:10

పిల్లులు లేవన్నా. గేటు దగ్గర కెమెరా ఉంది, చూశాను. కారు దగ్గరికి ఎవరూ, ఏదీ రాలేదు. గాలి కూడా లేదు. సన్నగా వాన, అంతే.


పాలిటెక్నిక్ మాస్టారు | జూలై 6, ఉదయం 9:30

బాబూ, మీరు చెప్పిన మూడు లక్షణాల్లో రెండింటికి మూలం ఒకటే అనిపిస్తోంది. మూడోది వేరు. నేను ఆటోమొబైల్ ల్యాబులో ముప్పై ఏళ్లు వైర్ల మధ్యే బతికాను, కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

అలారం బాక్సు తనంతట తాను ఏమీ కనిపెట్టలేదు. దానికి నాలుగైదు చోట్ల నుంచి కబురు వస్తుంది: తలుపుల స్విచ్చులు, బానెట్ స్విచ్చు, కొన్నిటిలో డిక్కీ స్విచ్చు, షాక్ సెన్సర్, ఇగ్నిషన్. వీటిలో ఏ ఒక్కటి కదిలినా సైరన్ కొడుతుంది. కాబట్టి 'అలారం పాడైంది' అనుకోకుండా 'దీనికి అబద్ధపు కబురు ఎవరు పంపుతున్నారు' అని వెతకాలి.

మన కార్లలో తలుపు స్విచ్చు చాలావరకు ఎర్త్ మీద పనిచేస్తుంది. తలుపు తెరిస్తే ఆ వైరు బాడీకి తగులుతుంది, బాక్సు దాన్ని 'తలుపు తెరిచారు' అని చదువుకుంటుంది. మీ కారు మునిగింది వరద నీళ్లలో. ఆ బురద ఏదో ఒక కప్లర్‌లోనో (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) జాయింటులోనో ఎండి కూర్చుని ఉంటుంది. ఎండాకాలంలో పొడిగా ఉన్నంతసేపు అది కరెంటును దాటనివ్వదు. వాన రాత్రి చెమ్మ పట్టగానే దాని గుండా కొద్దిగా కరెంటు బాడీలోకి కారుతుంది. తలుపులన్నీ మూసే ఉన్నా బాక్సుకు తలుపు తెరిచినట్టే.

'మరి టాప్ లైటు వెలగలేదే' అని మీరు అడగవచ్చు. బల్బు వెలగడానికి చాలినంత కరెంటు పారాలి. బాక్సుకు ఆ చిన్న కారుడే చాలు. అందుకే ఇలాంటి లోపం కంటికి కనపడదు, మెకానిక్కులు కూడా బాక్సు మార్చమనేస్తారు.

ఇక సెల్ఫ్ సంగతి. తలుపు తెరిచి ఉందనుకునే బాక్సు నిద్రపోదు. మెలకువగా ఉండి బ్యాటరీ తింటుంది. దీన్ని కొలిచి చూడవచ్చు. ముందు సైరన్‌కు సొంత బ్యాటరీ, చిన్న తాళంచెవి ఉన్న రకమైతే దాన్ని ఆ చెవితో ఆపండి. లేకపోతే కారు బ్యాటరీ తీయగానే చెవులు పగిలేలా అరుస్తుంది. తర్వాత 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి. మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఒక కొన ఆ టెర్మినల్‌కూ ఇంకో కొన బ్యాటరీ పోస్టుకూ తగిలించండి. బానెట్ తెరిచే ఉంటుంది కనుక దాని స్విచ్చును కిందికి నొక్కి టేపు వేయండి. తలుపులు మూసి రిమోట్‌తో లాక్ చేసి అరగంట ఆగి చూడండి. మీటరు తగిలించి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది. 50 మిల్లీఆంపియర్లలోపు వస్తే మామూలే. ఎక్కువ వస్తే ఒక్కో ఫ్యూజూ తీస్తూ ఎక్కడ తగ్గుతుందో రాసుకోండి.

రిమోట్ దూరం తగ్గడం ఇంకో లెక్క. సెల్లు మార్చి చూశారా?


సింగ్‌నగర్ స్విఫ్ట్ | జూలై 6, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. సెల్లు రెండు నెలల క్రితమే మార్చాను, సీఆర్2032. మీటరు మా బావమరిది దగ్గర ఉంది, ఆదివారమే కదా, సాయంత్రం కొలుస్తాను.


కూకట్‌పల్లి పై వాటా | జూలై 6, మధ్యాహ్నం 2:40

నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు. కానీ ఈ విషయంలో నేను అవతలి వైపు మనిషిని. మా పాప పుట్టిన మూడో నెలలో పక్క అపార్టుమెంటు కారు ఒకటి పది రాత్రులు మోగింది. ఎవరి కారో తెలియదు. మా వారు వాన్లో తడుస్తూ వాచ్‌మన్‌ను లేపి అడిగితే ఓనరు ఊళ్లో లేరన్నాడు. పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టేది. అప్పుడు నేను పడ్డ నరకం నాకే తెలుసు.

నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. కానీ పోలీసులకు ఫోన్ చేయాలని నాకు లేదు. ఆ కారు అద్దం మీద ఒక ఫోన్ నంబరు ఉంటే చాలనుకున్నాను.

అన్నయ్యగారూ, మీరు ఆ బిడ్డ గురించి ఆలోచిస్తున్నారు చూశారా, చదివి కళ్లు చెమర్చాయి. ఒక్క పని చేయండి. ఇవాళే కిందికి వెళ్లి ఆ అమ్మాయితో చెప్పండి, ఫలానా లోపం, వెతుకుతున్నాం, ఇన్ని రోజుల్లో అవుతుందని. ఎప్పుడు మోగుతుందో అన్న భయమే సగం నిద్ర చెడగొడుతుంది.


సింగ్‌నగర్ స్విఫ్ట్ | జూలై 6, సాయంత్రం 6:20

అమ్మా, మీ మాట చదవగానే కిందికి వెళ్లి చెప్పి వచ్చాను. ఆ అమ్మాయి అమ్మగారు కాఫీ ఇచ్చి, 'మీకూ నిద్ర లేదు కదా బాబూ' అన్నారు.


మణికొండ వ్యాగనార్ | జూలై 6, రాత్రి 8:05

లోపం దొరికేదాకా సైలెంట్ లాక్ వాడండి. చాలా రిమోట్లలో లాక్ బటన్ కాకుండా గంట గుర్తుకు అడ్డగీత ఉన్న బటన్ నొక్కితే సైరన్ లేకుండా ఇండికేటర్లే కొడతాయి. కారును గేటు కెమెరా ముందు పెట్టండి, ఎన్ని గంటలకు ఇండికేటర్లు కొట్టాయో పొద్దున్న చూసుకోవచ్చు. రాత్రికి ఒక్క మార్పే చేయండి. ఇవాళ షాక్ సెన్సర్ కప్లర్ పీకండి, రేపు బానెట్ స్విచ్చు. రెండూ ఒకేసారి పీకితే ఏది దొంగో తెలియదు.

నాదొక విన్నపం కూడా. మీ అలారం ఇంజన్‌ను ఆపడానికి వాడే రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు) ఎక్కడ వేశారో ఈ సందులోనే చూడండి. నాకు పెట్టినవాళ్లు పెట్రోల్ పంపు వైరును కోసి మధ్యలో రిలే పెట్టారు. 2019లో సూర్యాపేట దాటాక జాతీయ రహదారి 65 మీద ఎనభై స్పీడులో ఉండగా ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుంది, బ్రేకు రెండు తొక్కులకే గట్టిపడింది. వెనక సిమెంటు లారీ. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారు. ఎలాగో పక్కకు లాగాను. రిలే కాళ్లు వదులై కదిలిపోయాయట. ఇప్పటికీ ఆ చోటు దాటేటప్పుడు నా చేతులు చల్లబడతాయి.

రిలే వేయాలంటే సెల్ఫ్ వైరులోనే వేయించండి. అది చెడితే బండి స్టార్టవదు, అంతే. నడుస్తున్న ఇంజన్ మధ్యలో ఆగదు.


పాలిటెక్నిక్ మాస్టారు | జూలై 6, రాత్రి 9:00

మణికొండవారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక మాట చేరుస్తాను. స్విఫ్టులో కంపెనీ ఇచ్చిన ఐక్యాట్స్ ఇమ్మొబిలైజర్ ఎలాగూ ఉంటుంది. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది, ఇంజన్ కంప్యూటరు ఆ చిప్‌ను గుర్తుపడితేనే స్టార్టవుతుంది. దొంగను ఆపేది అదే. బయట పెట్టించిన అలారం పని చుట్టుపక్కలవాళ్లను లేపడం. ఆ రెండో పని కోసం పెట్రోల్ లైన్ కోయడం ఏ లెక్కన చూసినా తప్పు.


టెక్సస్ తెలుగు | జూలై 6, రాత్రి 10:30

ఇమ్మొబిలైజర్ విలువ ఏమిటో ఇక్కడ అమెరికాలో అందరికీ తెలిసొచ్చింది. హ్యుందాయ్, కియా పాత మోడళ్లలో తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసేవాటికి చాలావాటిలో ఇమ్మొబిలైజర్ లేదు. వాటిని ఎలా ఎత్తుకెళ్లాలో వీడియోలు టిక్‌టాక్‌లో తిరిగాయి. చివరికి 2023 ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ కలిపి సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించాయి. ఆ మార్పులో అలారం మోగే సమయాన్ని అర నిమిషం నుంచి ఒక నిమిషానికి పెంచారు, ఇగ్నిషన్‌లో తాళంచెవి ఉంటేనే స్టార్టయ్యేలా చేశారు.

బటన్ స్టార్ట్ కార్లున్నవాళ్లకు ఒక జాగ్రత్త. మీ జేబులో తాళం కారుతో ఎప్పుడూ మాట్లాడటానికి సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో వీధి తలుపు పక్క మేకుకు తగిలిస్తే, బయట నిలబడి ఆ సిగ్నల్‌ను అందుకుని కారు దాకా చేరవేసే పరికరాలు దొంగల దగ్గర ఉన్నాయి. లోపలి గదిలో మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. వేశాక డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వెళ్లి చూడండి. తలుపు తెరుచుకుందంటే ఆ డబ్బా పనికిరాదు.


కాకినాడ కెరటం | జూలై 7, ఉదయం 8:20

మా అబ్బాయి రిమోట్‌తో ఆడుకుంటూ ఊరికే నొక్కుతుంటాడు. తర్వాత ఒక్కోసారి కారు తెరుచుకోదు. కోడ్ చెరిగిపోతుందా అండీ?


పాలిటెక్నిక్ మాస్టారు | జూలై 7, ఉదయం 10:10

చెరగదమ్మా. రోలింగ్ కోడ్ రిమోట్ నొక్కిన ప్రతిసారీ కొత్త అంకె పంపుతుంది. కారు దూరంగా ఉన్నప్పుడు బాబు నొక్కితే రిమోట్ ముందుకు వెళ్తుంది, బాక్సు వెనకే ఆగుతుంది. ఎక్కువగా వాడే కీలాక్ పద్ధతిలో 16 నొక్కుల తేడా వరకు బాక్సు సర్దుకుంటుంది. అది దాటితే కారు దగ్గర నిలబడి వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి, అంకెలు కలిసిపోతాయి. మరీ పాత, చౌక రిమోట్లలో ఎప్పుడూ ఒకే కోడ్ వెళ్తుంది. దాన్ని పక్కనుంచి పట్టుకుని మళ్లీ పంపడం తేలిక, అలాంటిది ఉంటే మార్చేయడమే మంచిది.


సింగ్‌నగర్ స్విఫ్ట్ | జూలై 7, రాత్రి 9:45

నిన్న సాయంత్రం కొలిచాను. అరగంట ఆగాక కూడా 180 మిల్లీఆంపియర్లు! అలారం ఫ్యూజు పీకితే 24కు పడిపోయింది. రాత్రి షాక్ సెన్సర్ కప్లర్ తీసి సైలెంట్‌లో లాక్ చేశాను. రెండు గంటలకు జల్లు పడింది, 2:25కు, 2:50కి ఇండికేటర్లు కొట్టినట్టు కెమెరాలో ఉంది. అంటే షాక్ సెన్సర్ తప్పు లేదు. ఇవాళ బానెట్ స్విచ్చు పీకి చూస్తాను.


పాలిటెక్నిక్ మాస్టారు | జూలై 7, రాత్రి 10:20

మంచి పని చేశారు. 180 అంటే రోజుకు 4.3 ఆంపియర్ గంటలు. మీ బ్యాటరీ 35 ఆంపియర్ గంటలది అయితే రెండు రోజులకు పావు వంతు పోయినట్టే. వరదలో నానిన పాత బ్యాటరీకి ఆ తగ్గుదల చాలు సెల్ఫ్ తీసుకోకపోవడానికి.


పాలసీ పత్రం | జూలై 8, మధ్యాహ్నం 12:30

బీమా పనిలో ఉన్నాను కాబట్టి రెండు ముక్కలు. కారు పోతే కంపెనీ ముందు అడిగేది రెండు తాళంచెవులు. ఒకటి లేకపోతే ప్రశ్నలు మొదలవుతాయి. చెవి పోయిన రోజే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు దాచుకోండి. కారు పోతే వెంటనే ఎఫ్ఐఆర్. కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో, ఎఫ్ఐఆర్ వెంటనే చేసిన వాళ్ల క్లెయిమ్ తోసిపుచ్చకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అయినా ఆలస్యం చేయకండి.

అలారం పెడితే ప్రీమియం తగ్గుతుందని షాపుల్లో చెబుతారు. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం ఉన్న పరికరానికే పాత టారిఫ్‌లో ఆ తగ్గింపు ఉండేది, అదీ సొంత డ్యామేజీ (మన కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో రెండున్నర శాతం, మించితే 500 రూపాయలు. దాని కోసం అలారం కొనకండి.


ఓరుగల్లు డ్రైవర్ | జూలై 9, ఉదయం 7:00

అన్నా, ఏమైంది? రాత్రి విజయవాడల గట్టిగ వాన పడ్డదంట.


సింగ్‌నగర్ స్విఫ్ట్ | జూలై 10, రాత్రి 8:50

దొరికింది! ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

బానెట్ స్విచ్చు పీకినా మంగళవారం రాత్రి మూడుసార్లు కొట్టింది. ఇక మిగిలింది తలుపులే. నిన్న సెలవు పెట్టి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి, టెస్ట్ లాంపు, కత్తెర, టేపు తప్ప పక్కన ఏమీ లేవు. మాస్టారు రాసింది చదివి వినిపించాను. మొత్తం విని, 'బాక్సు జోలికి పోవద్దు, గడప విప్పుదాం' అన్నాడు. డ్రైవరు తలుపు కింద కాలు పెట్టే ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ అంచు ఎత్తాడు. 2016లో అలారం పెట్టినవాళ్లు తలుపు స్విచ్చు వైరును అక్కడే గీరి, తమ వైరును మెలిపెట్టి టేపు చుట్టారు. టంకం లేదు, స్లీవు లేదు. టేపు విప్పితే లోపల గోధుమరంగు బురద, దాని కింద రాగి పచ్చగా తుప్పు పట్టి ఉంది. ఆ ముడి సరిగ్గా బాడీ రేకును ఆనుకుని ఉంది. గ్యారేజీలో కార్పెట్ ఆరబెట్టినప్పుడు దాన్నెవరూ విప్పి చూడలేదు.

పెద్దాయన ఒక సీసా నీళ్లలో గుడ్డ ముంచి ఆ ముడి మీద పిండాడు. లాక్ చేసి ఉన్న కారు అరవై లెక్కపెట్టేలోపు మోగింది. ఆ చప్పుడు వినగానే మొదటిసారి నాకు సంతోషం వేసింది.

రెండంగుళాల మేర తుప్పు వైరు కోసేసి కొత్త ముక్క వేసి, టంకం పెట్టి, వేడికి బిగిసే గొట్టం తొడిగి, ముడిని రేకుకు అందకుండా పైకి కట్టాడు. మిగతా మూడు తలుపుల దగ్గరా చూశాడు, అక్కడ కంపెనీ కప్లర్లే, శుభ్రంగా ఉన్నాయి. రిలే సెల్ఫ్ లైన్‌లోనే ఉంది, మణికొండ అన్నా, అది చూసి ఊపిరి పీల్చుకున్నాను.

రిమోట్ సంగతి కూడా తేలింది. బాక్సు నుంచి వేలాడే సన్న నల్ల వైరే దాని యాంటెన్నా అట. వరద తర్వాత డాష్‌బోర్డు బిగించినప్పుడు దాన్ని చుట్టలా చుట్టి ఇనుప పట్టీ వెనక దోపేశారు. పెద్దాయన దాన్ని తిన్నగా సాగదీసి రేకుకు దూరంగా ప్లాస్టిక్‌కు అతికించాడు.


పాలిటెక్నిక్ మాస్టారు | జూలై 10, రాత్రి 9:25

చాలా సంతోషం బాబూ. ఆ వైరు పొడవు కొలిస్తే 17 సెంటీమీటర్లు దాటి కొద్దిగా ఉంటుంది. రిమోట్ పంపే 433 మెగాహెర్ట్జ్ తరంగంలో సరిగ్గా నాలుగో వంతు. కత్తిరించినా చుట్టినా దూరం పడిపోతుంది. ఆ పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి. నీళ్లు పిండి చూడటం అన్నది నాకు తట్టలేదు, ఇక నుంచి పిల్లలకు చెబుతాను.


మణికొండ వ్యాగనార్ | జూలై 10, రాత్రి 9:40

మొత్తం ఎంతయింది? కరెంటు మళ్లీ కొలిచారా?


సింగ్‌నగర్ స్విఫ్ట్ | జూలై 11, ఉదయం 6:30

ఆయన 450 అడిగాడు, 600 ఇచ్చి వచ్చాను. కరెంటు 28 మిల్లీఆంపియర్లు. షాక్ సెన్సర్, బానెట్ స్విచ్చు మళ్లీ తగిలించాను, సైలెంట్ కాకుండా మామూలుగానే లాక్ చేశాను. రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా వాన కురిసింది. ఒక్కసారి కూడా మోగలేదు. బాల్కనీ నుంచి నొక్కితే లాక్ అవుతోంది. అద్దం లోపల నా ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో రాసి పెట్టాను, కూకట్‌పల్లి అమ్మగారు చెప్పినట్టు.